కెమెరా కొనేముందు ఒక పెళ్ళిళ్ళ సీజను

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ఈ ఏడే బీయస్సీ పూర్తయింది. రెండేళ్ళుగా ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాను. మా పిన్ని కూతురి సీమంతానికి తీసినవి అందరికీ నచ్చాయి, తరవాత ఇద్దరు డబ్బులిచ్చి మరీ పిలిచారు. దీన్నే వృత్తిగా పెట్టుకోవాలనుంది. మంచి కెమెరా, లెన్సులు కలిపి రెండు లక్షల పైమాటే అంటున్నారు. అమ్మ తన గాజులు బ్యాంకులో పెట్టి ఇస్తానంటోంది. నాన్న కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. "ఆడపిల్లవి, అర్ధరాత్రి ముహూర్తాలకి ఊళ్ళు పట్టుకు తిరుగుతావా? బ్యాంకు పరీక్షలకి కోచింగులో చేరు" అంటున్నారు. నేను ఫోటోగ్రాఫర్‌గా బతకగలనా? హైదరాబాదు వెళ్ళి కోర్సు చెయ్యాలా? డ్రోన్ కూడా కొనాలా?
— పేరు వద్దన్న పాఠకురాలు, కోనసీమ

జవాబు:

అమ్మా,

ముందు అమ్మ గాజుల సంగతి. వాటిని ఇప్పుడు కదపొద్దు. ఈ పనిలో బతకలేవని కాదు నా ఉద్దేశం. మన డెల్టాలో కెమెరా మీద ఇల్లు గడుపుకుంటున్నవాళ్ళు, పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. నీకు ఫోటోలు తియ్యడమంటే ఎంత ఇష్టమో నీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. తెలియనిదల్లా ఒక్కటే: ఈ వృత్తిలో ఫోటో తీసే సమయం ఎంత తక్కువో, మిగతా పని ఎంత ఎక్కువో నువ్వు చూశావా అన్నది. ఆ మిగతా పనిని ఓర్చుకోగలవో లేదో తేలాకే డబ్బు పెట్టాలి. అది తేల్చుకోవడానికి రెండు లక్షలు అక్కర్లేదు, ఒక్క పెళ్ళిళ్ళ సీజను చాలు.

అమలాపురంలోనో, రావులపాలెంలోనో, కాకినాడలోనో నీకు నచ్చిన పని చేస్తున్న ఫోటోగ్రాఫరు ఒకర్ని వెతుక్కో. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫోటోలు చూసి ఎంచుకోకు. ఏడాదంతా తీసినవాటిలోంచి ఏరితే మంచివి ఓ పది ఎవరికైనా దొరుకుతాయి. స్టూడియోకి వెళ్ళి ఒక పూర్తి ఆల్బమ్ చూపించమని అడుగు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పితే భోజనాల బంతి దగ్గర, చీకటి మూలల్లో, అలిసిపోయిన తెల్లవారుజామున అతను ఎలా తీశాడో తెలిసిపోతుంది. పని నచ్చితే, ఈ సీజనుకి హెల్పరుగా వస్తానని చెప్పు. లైటు పట్టుకో, బ్యాగులు మొయ్యి, బ్యాటరీలు చార్జింగు పెట్టు, కార్డుల్లోంచి ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించు. మొదట్లో దారి ఖర్చులూ భోజనమూ తప్ప పెద్దగా ఏమీ ఇవ్వకపోవచ్చు. కానీ ఎంతో కొంత రోజుకింత అని మాట్లాడుకునే వెళ్ళు. "పని నేర్పుతున్నాం కదా" అంటూ సీజను తరవాత సీజను ఊరికే తిప్పుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర ఉండకు.

అక్కడ నువ్వు గమనించాల్సింది కెమెరా బటన్లని మాత్రమే కాదు. ఆర్డరు మాట్లాడేటప్పుడు పక్కనే కూర్చో. "మా తోడల్లుడుగారింట్లో ఇందులో సగానికే చేశారండి" అంటూ పెళ్ళివారు బేరం మొదలుపెట్టినప్పుడు అతను ఏం జవాబు చెప్పాడో విను. రెండు రోజుల పెళ్ళికి వేల ఫోటోలు పడతాయి. వాటిని ఏరడానికి, రంగులు సరిచెయ్యడానికి, వీడియో మిక్సింగు చెయ్యడానికి కంప్యూటరు ముందు ఎన్ని రాత్రులు పడుతున్నాయో చూడు. ఆల్బమ్‌లోకి ఏ ఫోటోలు వెళ్ళాలో పెళ్ళివారు తేల్చాలి. అమ్మాయి తరఫువాళ్ళకి నచ్చింది అబ్బాయి అక్కలకి నచ్చదు, ఈలోగా నెలలు గడిచిపోతాయి. ఎప్పుడో డిజైనింగు పూర్తయి, ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చి, మిగతా డబ్బు వసూలయ్యాక గానీ ఆ పెళ్ళి నీకు పూర్తయినట్టు కాదు. ఎక్కువమంది కుర్రాళ్ళు ఈ పని వదిలేసేది ఇక్కడే. ఫోటోలు తియ్యడం రాక వెళ్ళిపోయినవాళ్ళని నేను తక్కువగా చూశాను. బ్యాలెన్సు అడగడానికి మొహమాటపడి, ఆల్బమ్‌లు ఆలస్యం చేసి మాటలు పడి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. రాత్రంతా మేల్కొని, మర్నాడు అదే ఓపికతో కూర్చుని ఫోటోలు ఏరగలవా? ఈ ప్రశ్నకి నీ దగ్గరున్న జవాబే నీ మొదటి ప్రశ్నకీ జవాబు.

ఇక పెళ్ళి దగ్గర నేర్చుకోవాల్సినది. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణమే మన పెళ్ళిళ్ళలో అసలు ముహూర్తం. మధ్యలో అడ్డుతెర ఉంటుంది. పురోహితుడు గడియారం చూసుకుంటూ ఉంటాడు. మేళగాళ్ళు గట్టిమేళం అందుకోవడానికి సిద్ధంగా ఉంటారు. చుట్టాలందరూ అక్షింతలు పట్టుకుని పీటల మీదికి వంగిపోతారు. తెరకి అటునుంచి అబ్బాయి చెయ్యీ, ఇటునుంచి అమ్మాయి చెయ్యీ ఒకేసారి ఎదుటివారి తల మీదికి వెళ్తాయి. ఆ చేతులూ, తెర దించాక మొదటిసారి కలిసే చూపులూ రెండూ ఒకే చోట నిలబడితే దొరకవు. అందుకే ఒకరు తెరకి పక్కన, ఒకరు అమ్మాయి భుజం వెనక ఉండాలని ముందే అనుకుంటారు. ఈ వరస తెలియాలంటే పెళ్ళి తంతు తెలియాలి. కాళ్ళు కడగడం, కన్యాదానం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, స్థాలీపాకం, అరుంధతీ దర్శనం, అప్పగింతలు, వీటిలో ఏది ముందు, ఏది తరవాత అన్నది కులాన్నిబట్టి, ఇంటి ఆచారాన్నిబట్టి మారుతుంది. పందిట్లోకి వెళ్ళగానే పురోహితుడిగారికి నమస్కారం పెట్టి "మీ పద్ధతిలో వరస ఎలాగండీ" అని అడుగు. ఆయన సంతోషంగా చెప్తారు. ఫోటో కోసం మంత్రం మధ్యలో ఆయన్ని ఆపొద్దు, తాళి మళ్ళీ కట్టించొద్దు. ఇంకో సంగతి: ఆ సమయంలో అమ్మాయి తల్లిదండ్రులకి నీ వీపు కనిపించకూడదు. వాళ్ళు ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఆ నిమిషం కోసం. మోకాళ్ళ మీద కూర్చుని తీసినా ఫోటో వస్తుంది.

తలంబ్రాల దగ్గర బియ్యపు గింజలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే షట్టరు సెకనులో 500వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. అప్పగింతలకి అంత వేగం అక్కర్లేదు, 125వ వంతు సరిపోతుంది. చీకటిగా ఉంటే ఐఎస్ఓని, అంటే కెమెరా వెలుతురుని పట్టే శక్తిని, 3200 దాకా పెంచడానికి భయపడకు. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) ఉన్న ఫోటోని ఇంటివాళ్ళు దాచుకుంటారు, కదిలిపోయిన ఫోటోని పారేస్తారు. ఆకుపచ్చ షామియానా కింద మొహాలు ఆకుపచ్చగా పడతాయి, మంగళస్నానాల్లో పసుపు చీరల రంగు గడ్డాల కింద కొడుతుంది. కెమెరా తనంతట తాను సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్స్ తీసుకుంటే వీటిని తరవాత సరిచేసుకోవచ్చు. హోమం పొగ మీద ఎదురుగా ఫ్లాషు కొడితే తెల్లటి గోడలా అడ్డొస్తుంది. లైటుని పక్కకి జరిపించు, అదే పొగ అందంగా వస్తుంది.

మన మనుషుల రంగు గురించి ఒక మాట గట్టిగా చెప్తాను. చామనచాయ అమ్మాయిని ఫోటోషాప్‌లో తెల్లగా చేసి ఇవ్వడం చాలా స్టూడియోల్లో అలవాటైపోయింది. పెళ్ళివారే అడుగుతారు కూడా. నువ్వు చెయ్యకు. నిజానికి మొహం నల్లగా పడటానికి సగం కారణం ఒంటిరంగు కాదు. తెల్ల పట్టుపంచె, జరీ చీర మీద పడ్డ వెలుగుని చూసి కెమెరా మొత్తం ఫోటోనే చీకటి చేసేస్తుంది. మొహం చూసి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, కాస్త పెంచితే ఆ అమ్మాయి ఒంటిచాయ నిగనిగలాడుతూ ఉన్నదున్నట్టు వస్తుంది. అలా తీసిన ఫోటో పక్కన, తెల్లరంగు పూసిన ఫోటో పెట్టి చూపించు. చాలామంది తల్లులు మొదటిదే ఎంచుకోవడం నేను చూశాను.

ఇంకొకటి ఉంది. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే విలువైన పని అదే. మన ఇళ్ళలో దండ వేసి గోడకి తగిలించిన ఫోటోల్ని దగ్గరగా చూడు. కొన్నిటిలో పక్కన ఇంకెవరిదో భుజం ముక్క కనిపిస్తుంది. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫోటోలోంచి ఆ ఒక్క మొహాన్ని కోసి, పెద్దది చేసి, వెనకాల నీలం రంగు వేసి ఇచ్చినవవి. మనిషి పోయిన మర్నాడు కొడుకులు స్టూడియోకి వచ్చి, "మా పెళ్ళి ఫోటోల్లో అమ్మది మంచిది ఏదైనా ఉందేమో చూస్తారాండీ" అని అడగడం మాకు మామూలు. కాబట్టి ఏ శుభకార్యానికి వెళ్ళినా ఆ ఇంటి పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒక ఫోటో తియ్యి. నిన్నెవరూ అడగరు, దానికి డబ్బూ ఇవ్వరు. వీధి అరుగు మీదో, కిటికీ పక్కనో కూర్చోబెడితే చాలు, రెండు నిమిషాల పని. కళ్ళజోడులో లైటు మెరవకుండా తల కొంచెం కిందికి దించమను. నవ్వమని బలవంతపెట్టకు, వాళ్ళ మనవల పేర్లు అడుగు. ఆ ఫైల్స్ జాగ్రత్తగా దాచు.

ఇప్పుడు డబ్బు లెక్క. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరుకి ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. గురుమూఢమో శుక్రమూఢమో వస్తే మంచి నెలలు కూడా పోతాయి. అధికమాసం వస్తే ఇంకొకటి. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చి వరసగా రెండు నెలలు పెళ్ళి మాటే లేదు. 2026లో జ్యేష్ఠం అధికం. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు డైరీ కంటే ముందు పంచాంగం కొనుక్కోవాలి. ఏడాదికి 60 రోజులు పని దొరికి, రోజుకి 4,000 చొప్పున వచ్చాయని లెక్క కోసం అనుకుందాం. మొత్తం 2,40,000. రెండు లక్షల కెమెరా అయిదేళ్ళు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 40,000 దాని అరుగుదలే. గాజుల మీద తెచ్చిన అప్పుకి వందకి ఏడాదికి పది రూపాయల వడ్డీ అనుకున్నా మొదటి ఏడాది 20,000. పెట్రోలు, హెల్పరు, హార్డ్‌డిస్కులు, ఎడిటింగు ఖర్చు ఇంకా వెయ్యనేలేదు, అప్పుడే నాలుగో వంతు పోయింది. మొదటి ఏడాదే 60 రోజులు దొరుకుతాయన్న నమ్మకం కూడా లేదు. నీ చుట్టుపక్కల అసలు రేట్లు నువ్వే కనుక్కుని ఈ లెక్క మళ్ళీ వెయ్యి.

అందుకే పెళ్ళిళ్ళ మీదే ఆధారపడొద్దంటాను. మూఢంతో పనిలేని ఆర్డర్లు మన చుట్టూనే ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సరుకని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చింది. వాటిని ఇప్పుడు ఫోన్లో చూసి ఆర్డరు పెడుతున్నారు. చూసి కొనేచోట ఫోటోయే సరుకు. పూతరేకు అందమంతా దాని పల్చదనంలో ఉంది, ఎదురుగా లైటు వేస్తే తెల్ల కాగితంలా కనిపిస్తుంది. వెనకనుంచి వెలుతురు వచ్చేలా పెడితే రేకు రేకూ లెక్కపెట్టొచ్చు. లేసుని ముదురు రంగు గుడ్డ మీద పరిచి, పక్కనుంచి లైటు పడనిస్తే అల్లిక మొత్తం పైకి తేలుతుంది. కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు దేశమంతా వెళ్తాయి. వాటికి కేటలాగు ఫోటోలు కావాలి. మొక్కని మిట్టమధ్యాహ్నం తియ్యకు, మబ్బు పట్టిన రోజు తియ్యి. ఇవి చిన్న ఆర్డర్లే, కానీ పగటిపూట చేసే పని, ఊరికి దగ్గర, ఆషాఢంలో కూడా దొరుకుతుంది. ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని నీ ఫోన్‌తోనే ఈ వారమే మొదలుపెట్టొచ్చు. మీ ఊళ్ళో పచ్చళ్ళో, సున్నుండలో అమ్మేవాళ్ళుంటే వాళ్ళకి ముందు ఊరికే రెండు ఫోటోలు తీసివ్వు. అమ్మకం పెరిగితే మళ్ళీ వాళ్ళే పిలుస్తారు.

ప్రీవెడ్డింగు షూట్లకి బయటి ఊళ్ళవాళ్ళు మన కొబ్బరితోటల్ని వెతుక్కుంటూ వస్తున్నారు. ఇక్కడ పుట్టినదానివి కాబట్టి నీకు తెలిసినవి వాళ్ళకి తెలియవు. వేసవిలో కాలువలు కట్టేస్తారనీ, జూన్‌లో నీళ్ళు వదిలాక గానీ గట్టు మీద ఫోటోకి అందం రాదనీ నీకు చెప్పక్కర్లేదు. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు ఎప్పుడో, దాళ్వా (రెండో పంట) చేలు ఎప్పుడు పండి పసుపెక్కుతాయో నీకు తెలుసు. ధనుర్మాసంలో పొగమంచు ఎన్నింటిదాకా ఉంటుందో తెలుసు. ఈ తెలివిడికి డబ్బు తీసుకో. చోటు చూపించి, సమయం చెప్పి, వెంట ఉండి సాయం చేసినా అది పనే.

కొల్లేరులో ఆటపాక పక్షులు, కోరంగి మడ అడవులు కూడా నీ మనసులో ఉండే ఉంటాయి. అవి నీ సంతోషం కోసం తియ్యి, ఇల్లు గడవడానికి వాటి మీద ఆశ పెట్టుకోకు. దూరంగా ఉన్న పక్షుల్ని తీసే లెన్సులే పెళ్ళి లెన్సులకంటే ఖరీదు. గుంపులో పని చెయ్యడం నేర్చుకోవాలంటే మాత్రం కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళు. ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి) చేలల్లోంచి, కౌశిక నీళ్ళలోంచి మనుషుల భుజాల మీద వస్తుంటే ఎక్కడ నిలబడాలో, ఎవరికీ అడ్డం కాకుండా ఎలా తియ్యాలో ఆ ఒక్క రోజులోనే చాలా తెలుస్తుంది. 2015 తరవాత మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికి నీ చెయ్యి తిరిగి ఉంటే పత్రికలకీ, సంస్థలకీ పని చేసే అవకాశం నీ గుమ్మం ముందుకే వస్తుంది.

నాన్నగారి భయం గురించి. అది అర్థం లేని భయం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. కానీ ఈ పనిలో ఆడపిల్లలకి చోటు లేదన్నది నిజం కాదు. 1892లోనే పేరున్న ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టారు, దాన్ని నడిపింది ఒక మహిళే. ఆడవాళ్ళు ఆడవాళ్ళ ముందే నిశ్చింతగా కూర్చుంటారని ఆయనకి అప్పుడే తెలుసు. ఇప్పటికీ అంతే. ఓణీల ఫంక్షను, సీమంతం, మంగళస్నానం, పెళ్ళికూతుర్ని చేసే గది, ఈ చోట్ల మగ ఫోటోగ్రాఫరు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. "ఆడపిల్ల ఎవరైనా ఉన్నారాండీ" అని నన్నడిగిన ఇళ్ళు ఎన్నో. మన దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా చెప్పుకునే హోమాయ్ వ్యారావాలా తీసిన తొలినాటి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. ఆవిడకి 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈ రెండు సంగతులూ నాన్నగారికి చెప్పు. అయితే ఆయనకి వీటికంటే రాత్రిళ్ళు ఎలా వస్తావన్నదే ముఖ్యం.

దానికి నిబంధనలు నువ్వే పెట్టుకో. రాత్రి ముహూర్తాలకి ఒక్కదానివీ వెళ్ళకు, టీముతోనే వెళ్ళు. టీములో ఎవరెవరున్నారో, వాళ్ళ ఫోన్ నంబర్లేమిటో ఇంట్లో రాసిపెట్టు. తెచ్చి దించే బండి ఖర్చు ఆర్డరు మాట్లాడేటప్పుడే రేటులో కలపాలి. రెండింటికి ముహూర్తమైతే తెల్లారేదాకా ఆడపెళ్ళివారి ఆడవాళ్ళతోనే విడిదిలో ఉంటానని ముందే చెప్పు, ఏ ఇల్లాలూ కాదనదు. రేవు దారులు చూసుకో. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పగలైతే పంటు (బండ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటేస్తావు, రాత్రి తిరిగి రావాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఎవరైనా తాగి మీదికొస్తే, టీములోవాళ్ళే తేడాగా మాట్లాడితే, కెమెరా సర్దుకుని వచ్చెయ్యి. ఆర్డరు పోతే పోయింది.

సీజను అయ్యాక కూడా మనసు గట్టిగా ఉంటే అప్పుడు సామాను. పెద్ద సెన్సరుండే ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అదీ కొత్తది, దాని మీద కన్నెయ్యకు. వాడిన క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్న సెన్సరుండే) కెమెరా బాడీ, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఫ్లాషు, ఇవి చాలు. పెద్ద లెన్సులు అవసరమైన రోజుకి అద్దెకి తెచ్చుకో, ఆ అద్దె పెళ్ళివారి రేటులోంచే రావాలి. వాడిన బాడీ కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే అప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారన్న లెక్క, ఎంతో చూపించమను. డబ్బు తక్కువైతే బ్యాంకులో ముద్రా ఋణం (చిన్న వ్యాపారాలకి కేంద్రప్రభుత్వ పథకం) అడుగు. శిశు విభాగంలో 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు.

మన గాలిలో తేమ కెమెరాలకి పెద్ద శత్రువు. కోనసీమలో వర్షాకాలం బ్యాగులో మూసిపెట్టి వదిలేసిన లెన్సు లోపల సాలెగూడు లాంటి బూజు పడుతుంది, ఒకసారి గాజు పూతని తినేసిందంటే మళ్ళీ మామూలు కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికా జెల్ పొట్లాలు వేసి, తేమ చూపించే చిన్న మీటరు పెట్టు. అది 40 నుంచి 50 మధ్య ఉండేలా చూసుకో. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డున లెన్సు మార్చకు, ఇంటికొచ్చాక ఉప్పు పోయేలా తడిగుడ్డతో బాడీ పైపైన తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టు. ఏసీ కళ్యాణమండపంలోంచి బయటికొచ్చేటప్పుడు కెమెరాని బ్యాగులో మూసి ఉంచి, కాసేపాగి తియ్యి. లేకపోతే అప్పగింతల ఫోటోలన్నీ ఆవిరి పట్టిన అద్దంలోంచి తీసినట్టుంటాయి. ఫోటోలు మూడు చోట్ల దాచు, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

కాగితం సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. పెళ్ళికూతురి ఫోటో నీ పేజీలో పెట్టుకోవాలన్నా, ఫ్లెక్సీ మీద వేసుకోవాలన్నా వాళ్ళ అనుమతి రాతలో ఉండాలి. ఒక పేజీ ఒప్పందం తెలుగులోనే రాసుకో: ఏ తేదీలు, ఎన్ని గంటలు, ఎన్ని పేజీల ఆల్బమ్, ఎన్నాళ్ళలో ఇస్తావు, ఫోటోలు వాడుకోవచ్చా లేదా, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి. ముహూర్తానికి ముందే సగం పైన చేతికి రావాలి, మిగతాది ఆల్బమ్ ల్యాబ్‌కి వెళ్ళేముందు. చుట్టాలైనా సరే ఈ కాగితం మీద సంతకం పెట్టించు.

కోర్సు విషయం. హైదరాబాదు జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (లలితకళల విశ్వవిద్యాలయం)లో ఇంటర్ తరవాత చేసే బీఎఫ్‌ఏ ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది, కానీ నీకు డిగ్రీ అయిపోయింది. డిగ్రీ మీద చెయ్యాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌వారి గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్ ఎం.డెస్ (పీజీ) ఉంది. ప్రవేశపరీక్ష రాయాలి, పోటీ గట్టిది. ప్రకటనలు, ఫ్యాషన్, డాక్యుమెంటరీ వైపు వెళ్ళాలనుంటే అది నిజంగా విలువైన చదువు. పెళ్ళిళ్ళకీ, వస్తువుల ఫోటోలకీ అవసరం లేదు. పదిహేను రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ళకి వేలు కట్టకు. ఆ డబ్బుతో లైట్‌రూమ్, ఫోటోషాప్ నేర్చుకో, ఎడిటింగు వచ్చిన మనిషికి ఏ స్టూడియోలోనైనా పగటిపూట పని దొరుకుతుంది.

డ్రోన్ ఇప్పుడు వద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి. 250 గ్రాముల బరువు దాటిన డ్రోన్‌ని డబ్బు కోసం ఎగరెయ్యాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, దానికి గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకోవాలి. పందిరి మీద, జనం తలల మీద డ్రోన్ పడితే ఆ బాధ్యత నీదే. పెళ్ళివారు అడిగితే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని ఆ పూటకి పిలిపించు.

నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. కోచింగులో చేరమంటే చేరు, క్లాసులు పగలు, ముహూర్తాలు ఎక్కువగా రాత్రి లేదా వారం చివర. మాఘం, ఫాల్గుణం రెండు నెలలూ గడువు అడుగు. మొదటి పెళ్ళికి ఆయన్నే తోడు రమ్మను. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, ఊరు, ఎన్నింటికి వెళ్ళావు, ఎన్నింటికి వచ్చావు, వచ్చిందెంత, ఖర్చెంత, ఎడిటింగుకి ఎన్ని గంటలు పట్టింది, అన్నీ ఆ రోజుకారోజు రాయి. కొబ్బరికాయల దింపుకీ దింపుకీ మధ్య డబ్బు ఎలా తిప్పుకోవాలో తెలిసిన వ్యాపారి ఆయన, ఆ పుస్తకం చదవడం నీకంటే ఆయనకే బాగా వచ్చు. ఏ పెళ్ళిలో నష్టపోయావో ఆయన చెప్తారు, విను. మాఘమాసపు ఆర్డర్లకి స్టూడియోలవాళ్ళు మనుషుల్ని కార్తీకంలోనే మాట్లాడుకుంటారు. కాబట్టి స్టూడియోల చుట్టూ తిరగడం అంతకు ముందే మొదలుపెట్టు.